రెండువందల అరవై పుస్తకాలు

(పరాభవ నామ సంవత్సర ఉగాదినాడు ఎలవూరులో మన సంఘం జరిపిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయినది. పులిహోర యింకా రాలేదు. యీ రెంటి నడుమ ఒక రైల్వే గుమాస్తాను నిలబెట్టి మాట్లాడమన్నారు. యిది యెంత ప్రమాదకరమైన వేళో సభలు చూచినవారందరికీ తెలుసును. కనుక త్వరగా విషయానికి వస్తాను.

ఇప్పుడే శాస్త్రిగారు మన రాశులకు ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివి వినిపించారు. సంవత్సరం పేరు పరాభవ అనగానే వెనుక వరుసలో యెవరో "అయ్యో" అన్నారు. భయపడనక్కరలేదు. 1966లోనూ యిదే పేరుగల సంవత్సరం వచ్చి వెళ్ళినది. దానిని దాటివచ్చిన పెద్దలు ముందు వరుసలోనే కూర్చుని వున్నారు. నేను చెప్పబోయేదీ ఒక ఆదాయ వ్యయాల పట్టికే. డబ్బుది కాదు, ప్రొద్దుది.

మన చేతుల్లో వున్న సెల్‌ఫోనుకు ఒక మంచి గుణమున్నది. మనం దానిని యెంతసేపు చూచామో అదే లెక్క వ్రాసి పెడుతుంది. రెండేళ్ళ క్రితం, అంటే 2024 ఉగాదికి కొద్ది రోజుల ముందు, ఆ లెక్క తెరిచి చూచాను. రోజుకు సగటున నాలుగు గంటల పది నిమిషాలని తేలింది. కచ్చేరీలో లెక్కలు తప్పితే ఒకటికి రెండుసార్లు కూడటం నాకు అలవాటు. కాగితం తీసుకుని కూడాను. రోజుకు 250 నిమిషాలు. యేడాదికి 91,250 నిమిషాలు. రాత్రింబగళ్ళు కలిపి లెక్కిస్తే అరవై మూడు రోజులు. అనగా సంవత్సరంలో రెండు నెలల పైచిలుకు నిద్రాహారాలు లేకుండా ఫోను చూస్తూ కూర్చున్నట్లు లెక్క. అంత సెలవు యే అధికారీ నాకు మంజూరు చేయలేదు. నేనే చేసుకున్నాను.

ఇంత చూచి యేమి సంపాదించావు అంటే, చెప్పడానికి ఒక్క ముక్క లేదు. నిన్న చూచినది నేడు జ్ఞాపకం లేదు. చెడ్డవి చూచానని కాదు. వంటలు చూచాను, రైళ్ళు చూచాను (రోజంతా రైళ్ళ మధ్య వుండి యింటికి వచ్చి మళ్ళీ రైళ్ళు చూడటమేమిటని మా ఆవిడ అడుగుతుంది), క్రికెట్టు చూచాను, యెవరో యెవరినో తిట్టుకోవడం చూచాను. అంతా కడుపు నిండని ఫలహారం.

ఐనా లెక్క చూచి నేను మారలేదు. కాస్త సిగ్గుపడి ఫోను మూసి, పావుగంటలో మళ్ళీ తెరిచాను. నన్ను కదిలించినది వేరే సంగతి.

నా స్వగ్రామం వేటపాలెం ప్రక్కన. మా నాన్నగారు నేతపనివారు. ఆయన యీనాటికీ ఫోనులో మాట్లాడేది తక్కువ, కాగితం మీద వ్రాసేది యెక్కువ. ఆ ఉగాదికి మనవరాలికి ఒక చీర ముక్కతో కుట్టించిన పరికిణీ, దానితో ఒక ఉత్తరం, మా వూరినుంచి వచ్చే వారి చేత పంపారు. మా అమ్మాయి అప్పటికి నాల్గవ తరగతి. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం రాదు. బడిలో తమిళం, ఇంగ్లీషు. అది ఉత్తరం విప్పి, అక్షరాలకెదురుగా ఫోను పట్టుకున్నది. ఫోను చదివి పెడుతుందని దాని నమ్మకం. అచ్చు అక్షరాలైతే చదివేదేమో; మా నాన్నగారి దస్తూరికి అది లొంగలేదు. యేదేదో వాగింది. పిల్ల పకపకా నవ్వి, "నాన్నా, నువ్వే చదువు" అని కాగితం నా చేతికిచ్చింది.

చదివాను. నాలుగో పంక్తిలో తడబడ్డాను. దస్తూరి తప్పు కాదు. ఆ అక్షరాలు చూస్తూ నేను పెరిగాను. గబగబా క్రిందికి జారిపోవడానికి అలవాటు పడిన కన్ను ఒక పంక్తి మీద నిలవడం లేదు. మొదటి మాట చూచి, చివరి మాటకు దూకి, నడుమ మాటను ఊహించి చదువుతున్నాను. ఊహ తప్పి ఆగిపోతున్నాను. పిల్ల నా ముఖం కేసి చూస్తోంది. ఆ ఉత్తరం చివర మా నాన్నగారు అడిగినది ఒక్కటే: "ఈసారి వచ్చేటప్పుడు నీకు యే పుస్తకం తేనమ్మా?"

దానికి జవాబు వ్రాయవలసినది నేను. యే పుస్తకమని వ్రాయను? నేను ఒక పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివి ఆరేళ్ళయినదని అప్పుడు తెలిసింది.

వేటపాలెం పేరు చెప్పాను గనుక ఒక మాట. అక్కడ సారస్వత నికేతనమనే గ్రంథాలయం 1918లో వెలిసింది. గాంధీజీ వచ్చి చూచిన గ్రంథాలయం అది. పాత తెలుగు పత్రికల కోసం యెక్కడెక్కడి పరిశోధకులో ఆ చిన్న వూరికి వస్తారు. మా నాన్నగారు సాయంత్రం మగ్గం గుంటలోనుంచి లేచి, కాళ్ళు కడుక్కుని, నన్ను సైకిలు మీద ఎక్కించుకుని అక్కడికి తీసుకుపోయేవారు. ఆయన చదివినది అయిదో తరగతి. నేను మెట్రిక్యులేషను. నాకు ఆయనకంటే చదువు యెక్కువ అని యిన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను: ఫోను మానేస్తానని శపథం పట్టాను. మూడు రోజులు నిలిచింది. యిది నా ఒక్కడి బలహీనత అనుకోకండి. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. అంతవరకు దానిలో గంటలు గడిపినవారు మరునాటినుంచి రామకోటి వ్రాశారా? లేదు. కొద్ది రోజులకే జూలైలో ఇన్‌స్టాగ్రాములో రీల్సు వచ్చాయి. సెప్టెంబరులో యూట్యూబు షార్ట్సు వచ్చాయి. చూపులు ఆ గుమ్మంలోనుంచి యీ గుమ్మంలోకి మారాయి, అంతే. ఒక ప్రభుత్వం ఆజ్ఞ వేసినా ఖాళీ అయిన చోటు ఖాళీగా వుండలేదు. నా శపథం యేపాటిది? చేతిలోనిది తీసివేయాలంటే మరొకటి చేతిలో పెట్టాలి. చంటిపిల్లల తల్లులకు యీ సంగతి యే గ్రంథమూ చదవకుండానే తెలుసును.

కాబట్టి పుస్తకాల పట్టిక తయారుచేయాలనుకున్నాను. యెక్కడ తయారు చేశాను? ఫోనులోనే! ఒక నెల రోజులు రాత్రి పన్నెండు దాకా కూర్చుని, వారి పట్టికలు వీరి పట్టికలు చూచి, "చదివి తీరవలసిన నూరు నవలలు" వగైరాలు దించుకుని, మొత్తం 1,140 పేర్లు పోగు చేశాను. ఆ నెల లెక్క తీస్తే ఫోను చూచిన వేళ నాలుగు గంటల పదినుంచి అయిదు గంటలకు పెరిగింది. చదివిన పుటలు సున్నా. పెళ్ళి చేయకుండా విస్తళ్ళు కుడుతూ కూర్చున్నట్లు.

రెండోసారి పట్టిక కాగితం మీద వ్రాశాను. యీసారి పండితుడినైపోయాను. ఆది కవి నన్నయతో మొదలుపెట్టి వరుసగా శతాబ్దం తరువాత శతాబ్దం రావాలని నిశ్చయం. పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో ఎక్కి, క్రమంగా మన కాలానికి దిగుదామని. ఆదిపర్వంలో మూడు వారాలు వున్నాను. ప్రతి పద్యానికి నిఘంటువు. నిఘంటువు ఫోనులో. నిఘంటువు కోసం ఫోను తెరిస్తే... మిగిలినది మీరు ఊహించగలరు. నన్నయగారి తప్పు యేమీ లేదు. పొలం గట్టు యెక్కలేనివాడు తిరుమల కొండకు మోకాళ్ళ మీద బయలుదేరాడు.

మూడోసారి పెన్సిలు తీసుకుని ముందు పేర్లు వ్రాయలేదు, అంకెలు వ్రాశాను. యీ పట్టికకు అసలు ప్రాణం అక్కడున్నది, అందుకని కొంచెం నిదానంగా చెబుతాను.

అప్పటికి నా వయస్సు ముప్పది నాలుగు. ఉద్యోగ విరమణ అరవైకి. నడుమ యిరవై ఆరేళ్ళు. రోజుకు నేను తప్పకుండా చదవగలిగినది యెంత? ముప్పై పుటలు అనుకోవడం తేలిక; నాలుగు రోజులకు మానడం అంతకంటె తేలిక. పది పుటలు పెట్టుకున్నాను. సంవత్సరంలో చదివే రోజులు మూడువందలు. అనగా యేడాదికి మూడువేల పుటలు. యిరవై ఆరేళ్ళకు డెబ్బై యెనిమిది వేలు. పుస్తకం ఒకటికి మూడువందల పుటలు సరాసరి వేస్తే రెండువందల అరవై పుస్తకాలు.

ఆ అంకె చూచి కలం క్రింద పెట్టి కూర్చున్నాను. రెండువందల అరవై! అంతకు ముందు పోగుచేసిన 1,140లో నాలుగో వంతు కూడ కాదు. మా కచ్చేరీలో ఒక బీరువా వుంది. దానిలో యీ పుస్తకాలన్నీ పట్టిపోతాయి. ప్రపంచంలో యిన్ని లక్షల పుస్తకాలుండగా, భగవంతుడు ఆరోగ్యమిచ్చి, కళ్ళు బాగుండి, క్రమం తప్పకుండా చదివితే, ఉద్యోగకాలంలో నాకు వచ్చేది ఒక్క బీరువా. అది చాల తక్కువ అనిపించి దిగులు కలిగింది. మరునాడు ఉదయం మాత్రం వేరే విధంగా తోచింది. ఆరేళ్ళలో సున్నా చదివినవాడికి రెండువందల అరవై తక్కువేమిటి? పైగా, బీరువా చిన్నది గనుక దానిలో యేది పెట్టాలన్న ప్రశ్నకు విలువ వచ్చింది. 1,140 పేర్లలో దేనికీ లేని విలువ అది.

మిగిలిన అరవై అయిదు రోజుల సంగతి అడుగుతారు. అవి పోయినవి కావు. రైళ్ళ వర్కింగు టైంటేబులు చూచినవారికి తెలుసును: బండి రెండు స్టేషన్ల నడుమ పరుగెత్తడానికి కావలసిన వేళకంటె అక్కడక్కడ కొన్ని నిమిషాలు యెక్కువ వేసి వుంచుతారు. లైను మరమ్మతు వుంటే నెమ్మదిగా పోవాలి, సిగ్నలు దగ్గర ఆగాలి. ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి. దానిని రికవరీ టైము అంటారు. ప్రయాణీకులు "గమ్యం ముందు బండి యింత సేపు యెందుకు పాకుతోంది" అని విసుక్కుంటారు గాని, ఆ నిమిషాలే లేకపోతే ఒకచోట పడిన ఆలస్యం చివరిదాకా తీరదు. మన చదువుకూ అది వుండాలి. జ్వరాలు, పెళ్ళిళ్ళు, రాత్రి డ్యూటీలు, పిల్లల పరీక్షలు, ఐ.పి.యల్. ఫైనలు. నేను క్రికెట్టు మానలేదని ముందే మనవి చేస్తున్నాను.

ఇంకొక సంగతి కూడ రైల్వేలోనే నేర్చుకున్నాను. ఆలస్యమైన బండిని రద్దయిన బండి అనరు. వారం రోజులు చదవకపోతే "నా వ్రతం చెడింది" అని పుస్తకం అటక మీద పెట్టడం మనవాళ్ళకు అలవాటు. చెడలేదు, ఏడు రోజులు లేటుగా నడుస్తోంది. నా నోటుపుస్తకంలో ఆఖరి గడి అదే: యెన్ని పుటలు లేటు. యీ ఉగాదికి రెండేళ్ళు నిండాయి. ఆరువేల పుటలు కావలసింది, 4,870 అయినవి. 1,130 పుటలు, అనగా నూట పదమూడు రోజులు లేటు. ఐనా బండి నడుస్తోంది. పదహారు పుస్తకాలు దాటాయి.

ఇక పేర్ల సంగతి. యీసారి వరుసను తలక్రిందులు చేశాను. దగ్గరనుంచి దూరానికి. మొదటి పుస్తకం మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశం. 1924లో మొదటి భాగం వచ్చిన పుస్తకం. చదవడం మరచినవాడికి దానికి మించిన మందు లేదు. నవ్వుతూ వుండగానే యాభై పుటలు గడిచిపోతాయి. పార్వతీశం నిడదవోలులో బండి ఎక్కి మద్రాసు వస్తాడు. బెజవాడనుంచి మద్రాసుకు తీరం వెంబడి లైను 1899లో పూర్తి అయినది గనుక, ఆయన బండి మన ఎలవూరు మీదుగానే పోయి వుంటుంది. యీ సంగతి తట్టిన రోజున నేను మన ప్లాటుఫారం మీదే నిలబడి వున్నాను. ఒక్కడినే నవ్వుకుంటే ప్రక్కనున్నవారు అనుమానంగా చూచారు.

తరువాత చిలకమర్తివారి గణపతి. తరువాత ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి. అది 1922 ప్రాంతంలో యీ తమిళదేశంలోనే, రాయవేలూరు జైలులో వ్రాసినది. అప్పటి మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది కూడ. ఆ భాష, ఆ పల్లెమాట నాకు మొదట కష్టమైనది. రెండవ భాగం వచ్చేసరికి మా అమ్మమ్మ మాట్లాడుతున్నట్లు వుంది.

ప్రస్తుతం విశ్వనాథవారి వేయిపడగలులో వున్నాను. దాదాపు వెయ్యి పుటలు. రోజుకు పది చొప్పున మూడు నెలల పైన. అంత తీరిక యెవరికి వుందని మన కార్యదర్శిగారు అడిగారు. దానిని సహస్రఫణ్ అనే పేరుతో హిందీలోకి అనువదించినది పి. వి. నరసింహారావుగారు. అది అచ్చయిన 1968 నాటికి ఆయన రాష్ట్రంలో మంత్రి. ఒక మంత్రికి అనువదించే తీరిక దొరికినది, గుమాస్తాకు చదివే తీరిక దొరకదా? ఐతే ఆ నవలలో అన్ని అభిప్రాయాలతోనూ నేను యేకీభవించడం లేదు. పోట్లాడుతూ చదువుతున్నాను. పుస్తకంతో పోట్లాడితే వెంటనే తిరిగి తిట్టేవారెవరూ వుండరు. ఆలోచించుకోవడానికి వేళ వుంటుంది. అది కూడ ఫోనుకు, దీనికి ఒక తేడా.

పద్యం పూర్తిగా మానలేదు. నన్నయ దగ్గర ఓడినవాడిని తిక్కన దగ్గరకు వెళ్ళాను. ఆయన నెల్లూరు కవి. మనకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, యిదే లైనులో. విరాటపర్వం అయిదాశ్వాసాలు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే అలవాటు మన పల్లెల్లో వుండేది, చాలామందికి తెలుసును. ఆదివారం ఉదయం అయిదు పద్యాలు, అచ్చు నిఘంటువు ప్రక్కన పెట్టుకుని. మరి యెక్కువ లేదు. దీనికి యెన్నేళ్ళు పడుతుందో లెక్క వేయలేదు. అన్నిటికీ లెక్కలు వేయకూడదు కూడ.

రెండువందల అరవైలో యిప్పటికి తొంభై పేర్లే వ్రాశాను. మిగిలిన గళ్ళు ఖాళీ. యాభై యేళ్ళ వయస్సులో నాకు యేమి చదవాలనిపిస్తుందో ముప్పై ఆరేళ్ళవాడు నిర్ణయించడం అన్యాయం. ఇంకా వ్రాయబడని పుస్తకాలూ వుంటాయి. మరొక నియమం: యాభై పుటలు చదివినా మనస్సు పట్టకపోతే ఆ పుస్తకాన్ని దించివేస్తాను. అలా నాలుగు దించాను. వాటి పేర్లు చెప్పను. ఒకదాని అభిమానులు యిక్కడే వున్నారు.

చదివేది యెప్పుడు? మనలో చాలామంది సూళ్ళూరుపేటనుంచి వచ్చే బండిలో మద్రాసు పోయేవారు. గంటన్నర పైచిలుకు ప్రయాణం. గుమ్మిడిపూండి దాకా సీటు దొరికినట్లే వుంటుంది. అక్కడ సిప్కాట్‌కు దిగేవారు దిగుతారు, వారికి రెండింతలు యెక్కుతారు. కవరపేట దాటిన తరువాత చేయి కదపడానికి వుండదు. కాబట్టి నా పది పుటలు ఎలవూరుకు పొన్నేరికి నడుమ అయిపోవాలి. మీంజూరునుంచి ఎన్నూరు దాకా పుస్తకం మూసి చదివినదాన్ని నెమరు వేస్తాను. మొదటి నెలలో ప్రతి స్టేషనుకూ చేయి జేబులోకి దానంతటదే పోయేది. అప్పుడు ఫోను తీసి టిఫిను డబ్బా అడుగున, పెరుగన్నం క్రింద పెట్టడం మొదలుపెట్టాను. పెరుగు తొణికే భయంతో దాన్ని తీయబుద్ధి కాదు. నవ్వకండి. యే యాప్ కంటే అది బాగా పనిచేసింది.

పుస్తకాన్ని ఫోనులోనే చదివితే యేమి అని మన యువకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. యిప్పుడు దొరకని పాత తెలుగు పుస్తకాలు యెన్నో ఇంటర్నెట్ ఆర్కైవులో బొమ్మలుగా పెట్టి వున్నాయి. అది గొప్ప సేవ. దూరదేశాలలో వున్న మనవాళ్ళకు మరో దారి లేదు. ఐతే నా మటుకు నాకు అది తిరునాళ్ళలో పఠనాలయం పెట్టినట్లు వుంది. పుస్తకం వుంది నిజమే. ప్రక్కన రంగులరాట్నం తిరుగుతూనే వుంది. కాగితం పుస్తకం దొరకనివాటికి మాత్రం అది వాడతాను, అదీ యింట్లో, నెట్టు ఆపి.

కాగితం పుస్తకాలకు డబ్బు అంటారా? యింటి పన్నుతో కలిపి గ్రంథాలయ పన్ను మనం కడుతూనే వున్నాము. స్వతంత్ర భారతంలో మొట్టమొదటి గ్రంథాలయ చట్టం 1948లో యీ మద్రాసు రాష్ట్రంలోనే వచ్చింది. దానికి వెనుక నిలిచినవారు యస్. ఆర్. రంగనాథన్‌గారు. లెక్కల ఉపాధ్యాయులు, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చి, 1931లో గ్రంథాలయశాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. వాటిలో నాల్గవది చదువరి కాలాన్ని ఆదా చేయమనడం. తెర ముందు కూర్చుని పేర్లు పోగుచేసిన నెల రోజుల్లో ఆ సూత్రం నాకు యెవరైనా చెప్పివుంటే బాగుండేది. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం 1896లో తెరిచినది. 1955నుంచి దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం అక్కడికి రావాలి, తెలుగువి కూడ. సెలవునాడు అక్కడ కూర్చుని చదువుకోవచ్చు. మన వూళ్ళ గ్రంథాలయాలలో తెలుగు అర వుందో లేదో అడగండి. లేకపోతే కావాలని వ్రాసి యివ్వండి. అడిగేవాడు లేకపోతే ఆ అర యెవరు నింపుతారు?

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. 2006లో వచ్చిన చట్టం ప్రకారం యీ రాష్ట్రంలో పిల్లలందరూ తమిళం చదవాలి. ఒకటో తరగతితో మొదలై యేడాదికొక తరగతి చొప్పున అమలైనది. దాని మీద కోర్టు వ్యవహారాలు మీకు తెలుసును. నేను ఆ వాదంలోకి పోను. యిక్కడి నీళ్ళు త్రాగుతూ యిక్కడి భాష నేర్చుకోవడం తప్పు కాదు. యీ సరిహద్దు కూడ నిన్నమొన్నటిది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి యిటు వచ్చింది, సత్యవేడు అటు పోయింది, మనుషులు మాత్రం యెక్కడివారక్కడే వున్నారు. ఐతే బడి నేర్పనిది యిల్లు నేర్పాలి. యిల్లు నేర్పేదెప్పుడు? నేను ఒక మూల ఫోనుతో, పిల్ల ఒక మూల ఫోనుతో కూర్చుంటే?

రాత్రి భోజనాల తరువాత అరగంట యిద్దరం ఒకే దీపం క్రింద కూర్చుంటున్నాము. మొదట నేను తెలుగు పుస్తకం చదివి వినిపించాను, అది ఆవులించింది. వారం రోజులు చూచి ఒక ఒప్పందానికి వచ్చాము. నేను తెలుగు ఒక పుట చదువుతాను, అది తమిళం ఒక పుట చదువుతుంది. నాకు తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం బోర్డుల మటుకే. అంటే నేను దాని శిష్యుడిని, అది నా శిష్యురాలు. దానికి యీ యేర్పాటు బాగా నచ్చింది. నా తమిళ ఉచ్చారణ మీద అది వేసే మార్కులు యిక్కడ చెప్పుకోదగినవి కావు.

తమిళానికి మేము యెన్నుకున్నది కి. రాజనారాయణన్‌గారి గోపల్ల గ్రామం. 1976లో వచ్చిన నవల. కోవిల్‌పట్టి ప్రక్కన ఇడైసెవల్ వారాయన. ఇంటి భాష తెలుగు, వ్రాసినది తమిళం. తెలుగుదేశంనుంచి భయంతో పారిపోయి వచ్చి, దక్షిణాన నల్లరేగడిలో అడవి కొట్టి వూరు కట్టుకున్న మన పూర్వుల కథ అది. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. 2021లో ఆయన కాలం చేశారు. ఆ కథ వింటూ మా అమ్మాయి ఒకరోజు ఆగి, "వీళ్ళు మనవాళ్ళా నాన్నా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. "మరి తమిళంలో యెందుకున్నారు?" అన్నది. నాకు తోచిన జవాబు నేను చెప్పాను గాని, అది దానికి నచ్చినట్లు లేదు. మరునాడు తెలుగు పుట వంతు వచ్చినప్పుడు, నేను చదవబోతుంటే పుస్తకం తనవైపు లాక్కుని, వ్రేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నది. నాలుగు పంక్తులకు యిరవై నిమిషాలు పట్టింది. ఆ రాత్రి నా పది పుటలు లేటు గడిలోకి పోయినవి.

ఫోను లెక్క యేమైనదని కోశాధికారిగారు కళ్ళతోనే అడుగుతున్నారు. రోజుకు ఒక గంట యాభై నిమిషాలకు దిగింది. సున్నా కాలేదు, అవుతుందన్న ఆశ కూడ లేదు. క్రికెట్టు రోజుల్లో మూడు గంటలకు పోతుంది. మా ఆవిడ లెక్క నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. మా నాన్నగారికి మాత్రం ఆ ఉత్తరానికి జవాబు వ్రాశాను, నాలుగు నెలలు ఆలస్యంగా. పెద్ద బాలశిక్ష తెమ్మన్నాను. తెచ్చారు. అట్ట మీద మనవరాలి పేరు ఆయన దస్తూరిలోనే వ్రాసి తెచ్చారు. మొన్న సంక్రాంతికి అది ఆ పేరు తానే చదివింది.

చివరగా కార్యవర్గం అనుమతితో ఒక ప్రకటన. గురజాడవారి కన్యాశుల్కం అందరం కలిసి పైకి చదవాలని అనుకున్నాము. 1897లో మొదట అచ్చయి, 1909లో పెంచి తిరగవ్రాసిన నాటకం. మనం చదివేది ఆ రెండవ కూర్పే. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు యిక్కడే. నటించనక్కరలేదు, కూర్చుని యెవరి పాత్ర వారు చదివితే చాలును. పుస్తకాలు ప్రస్తుతం మూడే వున్నాయి. నెల్లూరుగాని బెజవాడగాని పోయేవారు మరో రెండు తేగలిగితే మేలు. ఫోన్లు పెట్టడానికి గుమ్మం దగ్గర ఒక బుట్ట వుంటుంది. గిరీశం పాత్రకు యిప్పటికే ముగ్గురు పోటీ పడుతున్నారు. అగ్నిహోత్రావధానులుగారి పాత్రకు యెవరూ ముందుకు రాలేదు. కోపం బాగా వచ్చేవారు నన్ను పులిహోర దగ్గర కలుసుకోగోరుతున్నాను.